పొయ్యి మీద ఏమీ లేదు

మా అమ్మాయి మేఘన నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో అద్దె ఇంట్లో ఉంటోంది. పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి, "మమ్మీ, ఇంట్లో హీట్ సరిగ్గా రావట్లేదు. స్లీపింగ్ బ్యాగ్‌లో కూర్చుని వర్క్ చేసుకుంటున్నా" అంది. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళకు చెప్పావా అని అడిగాను. "యాప్‌లో టికెట్ పెట్టాను. మెయింటెనెన్స్ ఆయన వచ్చి చెక్ చేసి, సెవెంటీ వన్ ఉంది, అంతా ఫైన్ అని టికెట్ క్లోజ్ చేసేశాడు. వెళ్ళిన టూ అవర్స్‌కి మళ్ళీ ఫ్రీజింగ్. నేనే ఇమాజిన్ చేసుకుంటున్నానా మమ్మీ?" అంది. స్పీకర్‌లో ఆ మాట వినగానే నాకు నవ్వు ఆగలేదు. పిల్ల చలికి వణుకుతుంటే తల్లి నవ్వడమేమిటని మా ఆయన పేపర్ మీంచి గుర్రుగా చూశారు. ఒక్క నిమిషం తర్వాత ఆయనకూ గుర్తొచ్చింది. "అతను వచ్చినప్పుడు నువ్వు..." అని ఆయనేదో అడగబోతుంటే ఫోన్ నా దగ్గరికి లాక్కుని, "మళ్ళీ టికెట్ పెట్టమ్మా, నేను బయల్దేరి వస్తున్నాను" అన్నాను. కొన్ని ప్రశ్నలు ఫోన్‌లో అడిగేవి కావు.

బయల్దేరే ముందు క్లాజెట్ పై అరలోంచి ఒక అట్టపెట్టె దించాను. అందులో మేఘన పసిపిల్లగా ఉన్నప్పటి జుబ్బాలు, మా అత్తయ్య తన పాత చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు, వెండి ఉగ్గుగిన్నె ఉన్నాయి. వాటి అడుగున మామయ్యగారి పుస్తకం ఉంది. పొడుగ్గా, సన్నగా, ఎర్ర గుడ్డ వీపుతో, పూర్వం ఆఫీసుల్లో వాడే రకం. ఆయన తెనాలి నుంచి వచ్చేటప్పుడు ఎందుకైనా పనికొస్తుందని సూట్‌కేసులో పెట్టుకొచ్చిన పుస్తకం. ప్రతి పేజీలో పెన్సిల్‌తో, స్టీలు స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్ళు: తేదీ, వేళ, వేడి, విశేషములు. ఇన్నేళ్ళ తర్వాత తెరిచినా సాంబ్రాణీ, వేరుశనగ నూనే కలిసిన వాసన వచ్చింది. మా అత్తామామలిద్దరూ పోయి చాలా కాలమైంది గాని, ఆ వాసనకు ఇద్దరూ పక్కగదిలోంచి వాదించుకుంటూ వస్తున్నట్టే అనిపించింది. అక్కడే నేల మీద చతికిలబడి, బట్టలు సర్దుకోవడం మానేసి, మధ్యాహ్నం దాకా చదువుతూ కూర్చున్నాను.

అప్పుడు మేం న్యూజెర్సీలోనే, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. ఇటుక రంగు రెండంతస్తుల బిల్డింగులు, మధ్యలో పార్కింగ్, బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్ళను బట్టి ఏది తెలుగువాళ్ళ ఇల్లో చెప్పగలిగేంత మంది మనవాళ్ళు. మాది పై అంతస్తులో చిట్టచివరి ఇల్లు. హీట్ అద్దెలోనే కలిసి ఉండేది. కింద ఎక్కడో బాయిలర్‌లో నీళ్ళు కాగి, గోడల వెంట నేలబారుగా ఉండే రేకు గొట్టాల్లోంచి వచ్చి ఇల్లు వెచ్చబెట్టాలి. మా ఇంటికి వచ్చేసరికి ఆ నీళ్ళకు ఓపిక అయిపోయేది. గొట్టం మీద చెయ్యి పెడితే జ్వరం తగ్గిన మనిషి నుదురులా ఉండేది. మేం మాత్రం అమెరికా అంటే చలిదేశం కదా, ఇళ్ళు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుని, రెండు స్వెట్టర్లూ, మేజోళ్ళూ, మంకీ క్యాపులూ తగిలించుకుని ఇంట్లో తిరిగేవాళ్ళం. మా ఆయన ఆ టోపీ పెట్టుకునే భోంచేసేవారు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా సరదాగానే ఉండేది. నాకు ఏడో నెల వచ్చేదాకా అందులో తప్పేదో ఉందని మాకు తోచలేదు.

తొలి కాన్పుకు ఆనవాయితీ ప్రకారం మా అమ్మ రావాలి. అమ్మకు వీసా రాలేదు. "దానికేం, నేను లేనా?" అని అత్తయ్య మామయ్యను వెంటబెట్టుకుని దిగిపోయింది. ఆవిడ సూట్‌కేసుల్లో ఇంగువా, శొంఠీ, వసకొమ్మూ, సున్నిపిండీ, నెలరోజులు నానబెట్టినా తరగని మినప్పప్పూ ఉన్నాయి. వచ్చిన గంటలో చెప్పులు విప్పి, ఇల్లంతా ఒట్టి కాళ్ళతో తిరిగి, గోడలకు చెయ్యి ఆనించి చూసింది. "ఇదేం ఇల్లే అమ్మాయ్! గోడ ముట్టుకుంటే చెయ్యి కొయ్యబారిపోతోంది. ఈ చలిలో పురిటిబిడ్డకు నీళ్ళెలా పొయ్యనూ? ఒంటికి నూనె రాస్తే నూనె గడ్డకడుతుంది!" అంది. అంతవరకూ అది మా ఇద్దరి చలి. ఆ మాటతో అది పుట్టబోయే బిడ్డ చలి అయిపోయింది. డాక్టరమ్మ కూడా బిడ్డ గది వెచ్చగా ఉండేలా చూసుకోమని నవ్వుతూనే గట్టిగా చెప్పింది. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు, బిడ్డ ఇంటికి వచ్చేలోగా ఈ ఇల్లు వెచ్చబడాలి.

అత్తయ్య రోజు పొద్దున అయిదింటికి ఫిల్టర్‌లో కాఫీపొడి నొక్కుతుండగా మొదలయ్యేది. మామయ్యది ఆ కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకున్నాక మొదలయ్యేది. ఆయన తెనాలి మునసబు కోర్టులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. సాక్షి ఏమంటే అది, దగ్గితే దగ్గాడని కూడా, రాసుకోవడమే ఆయన ఉద్యోగం. అచ్చులో ఉన్నది ఏదైనా చదవకుండా వదిలేవారు కాదు. షాంపూ సీసా వెనక రాసిందీ, పిజ్జా కూపన్లూ, మందుల డబ్బాలోని మడతల కాగితమూ, అన్నీ అయ్యాక ఒకరోజు డ్రాయర్‌లో మా లీజు కాగితాలు దొరికాయి. రెండు రోజులు పెన్సిల్ పట్టుకుని చదివారు. మూడో రోజు సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే, "ఇరవై ఆరో పేజీ చూశావట్రా?" అన్నారు.

"నాన్నా, లీజ్ ఎవరూ చదవరు. సైన్ చేసేసి పడేస్తారు."

"నువ్వు సంతకం పెట్టిన కాగితం నువ్వే చదవకపోతే ఇంకెవడు చదువుతాడ్రా? వేడి ఇచ్చే బాధ్యత వాళ్ళదేనని నల్లటి అక్షరాల్లో ఉంది."

అక్కడితో ఆగలేదు. టౌన్‌షిప్ లైబ్రరీకి నడుచుకుంటూ వెళ్ళి, అద్దెకున్నవాళ్ళ హక్కుల మీద ఊరికే పంచే చిన్న పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు. అందులో ఉంది అసలు సంగతి. ఈ రాష్ట్రంలో అక్టోబరు నుంచి ఏప్రిల్ చివరిదాకా, అద్దె ఇంట్లో పగటిపూట ఫారన్‌హీట్ లెక్కలో అరవై ఎనిమిది డిగ్రీల వేడి ఉండి తీరాలట. రాత్రికి కాస్త తక్కువైనా ఫరవాలేదట. లేకపోతే ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పవచ్చు, అప్పటికీ దారికి రాకపోతే ఇన్‌స్పెక్టర్‌ను పిలవవచ్చు. మామయ్య ఆ అరవై ఎనిమిదిని పట్టుకుని ఇల్లంతా తిరిగారు. మనకు చలిగా ఉండటం మన ఒంటి తప్పు కాదనీ, దానికొక అంకె ఉందనీ తెలిసిన ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మా ఆయన మాత్రం బిగుసుకుపోయారు. "నాన్నా, ప్లీజ్, ఇప్పుడు ఇష్యూ చెయ్యకండి. వాళ్ళు లీజ్ రెన్యూ చెయ్యకపోతే డెలివరీ టైంలో ఇల్లెక్కడ వెతుక్కుంటాం? పైగా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది."

"గ్రీన్ కార్డుకీ గోడ పక్క గొట్టానికీ ఏమిట్రా సంబంధం?"

"మీకు తెలీదు నాన్నా. మనం బయటివాళ్ళం. కంప్లైంట్ ఇచ్చామని పేరు పడకూడదు."

మామయ్య లైబ్రరీ పుస్తకం తిప్పి, వేలు పెట్టి చూపించారు. ఫిర్యాదు చేశాడన్న కక్షతో అద్దెకున్నవాణ్ణి వెళ్ళగొట్టడం కుదరదని అందులో ఉంది. "చదువు. పైకి చదువు. అద్దెకున్నవాడు అడుక్కునేవాడు కాదురా. నువ్వు అద్దె ఇస్తున్నావు, వాడు వేడి ఇవ్వాలి. ఇందులో వాడి దయ ఏముంది, నీ భయం ఏముంది?" అన్నారు. మా ఆయన పైకి చదివారు. ఆ మనిషి మంకీ క్యాప్‌లో, చిన్నపిల్లాడిలా, అక్షరం అక్షరం తండ్రికి అప్పజెబుతున్నట్టు చదవడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. చదవడం అయ్యాక, "సరే, రాయండి" అన్నారు.

మామయ్య ఇంగ్లీషు పూర్తిగా కోర్టు ఇంగ్లీషు. "అత్యంత వినయపూర్వకంగా మనవి చేసుకొనునదేమనగా" అనే ధోరణిలో రెండు పేజీలు రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. నాలుగు భవనాల అవతల ఉన్న అపార్ట్‌మెంట్ ఆఫీసుకు పోస్టులో పంపడమేమిటని నేనంటే, "రసీదు లేనిది చెప్పినట్టు కాదమ్మాయ్" అన్నారు. అదే రోజున థర్మామీటరు కొనిపించి, హాల్లో తెలుగు క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించారు. ఎర్ర గుడ్డ వీపు పుస్తకం అప్పుడే తెరిచారు. పొద్దున ఎనిమిదింటికి, పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని థర్మామీటరు ముందు నిలబడటం మా ఇంట్లో దీపారాధన అంత నియమంగా జరిగేది. ఒక అంకె రాసేవారు. పక్కన విశేషముల గడిలో, ఆ వేళకు ఇంట్లో ఏముంటే అది రాసేవారు. అది ఎందుకు రాస్తున్నారో ఎవరూ అడగలేదు. అలవాటు, అంతే.

ఉత్తరం అందిన నాలుగో రోజున ఆఫీసువాళ్ళు ఫ్రాంక్‌ను పంపారు. ఫ్రాంక్ అక్కడి మెయింటెనెన్స్ మనిషి. గుమ్మం నిండా ఉండే ఆకారం, తెల్ల మీసాలు, నడిస్తే నడుముకున్న పనిముట్లన్నీ గలగలమనేవి. నాలుగింటికి వస్తానని ముందే కబురు చేశాడు. ఇక అత్తయ్యను ఆపేదెవరు? ఇంటికి మనిషి వస్తున్నాడు, అదీ మన పని మీద వస్తున్నాడు. పప్పు రుబ్బి, మూకుడు పెట్టి గారెలు వేసింది. పక్క పొయ్యి మీద అల్లం చట్నీకి పోపు, వెనక పొయ్యి మీద పాలు, ఇంకోదాని మీద డికాక్షన్‌కు నీళ్ళు. నూనె వాసన పక్కింటికి పోతే బాగోదని కిటికీలన్నీ బిగించింది. ఫ్రాంక్ లోపలికి వచ్చి, కోటు విప్పి, "ఇక్కడ భలే వెచ్చగా ఉందే!" అన్నాడు. అయిదు గారెలు తిన్నాడు. తన చిన్న యంత్రం తీసి చూస్తే డెబ్భై ఒకటి. లోపమేమీ లేదని చీటీ రాసి, అత్తయ్యకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మా ఇల్లు మళ్ళీ యాభై తొమ్మిది.

మామయ్య మళ్ళీ రాశారు. ఫ్రాంక్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మిరపకాయ బజ్జీలు, డెబ్భై. మూడోసారి రాశారు. ఫ్రాంక్‌కు తీపి ఇష్టమని కనిపెట్టి అత్తయ్య పొద్దుటి నుంచి బొబ్బట్లు కాల్చింది, డెబ్భై రెండు. మామయ్యకు అనుమానం బలపడింది. "ఇది కుట్ర. తనిఖీ రోజు తెలుసు కనక ఆ రోజు బాయిలర్ మంట పెంచుతున్నారు. చూడు, వాడు వచ్చిన రోజే ఎలా ఎగబాకిందో! వాడు పోగానే మళ్ళీ దింపేస్తున్నారు" అని ఆవేశపడ్డారు. మేమంతా అవునవునన్నాం. మా ఆయనైతే ఆఫీసు మేనేజరమ్మ కళ్ళలోనే ఏదో మోసం కనిపిస్తోందన్నారు. పాపం ఆవిడ కళ్ళలో ఏమీ లేదు. ఆవిడ దగ్గర ఫ్రాంక్ రాసిన మూడు చీటీలున్నాయి. మూడుసార్లు చూశాం, లోపం లేదు, మీ ఫిర్యాదు మూసేస్తున్నామని ఉత్తరం వచ్చింది. నాకు అప్పటికి నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచాయి. డాక్టరమ్మ ఎడమవైపు తిరిగి పడుకోమంది. ఆ ఉత్తరం చదివి దుప్పటి కప్పుకుని ఏడ్చాను, చలికి కాదు.

మామయ్య టౌన్‌షిప్ ఆఫీసుకు ఫోన్ చేసి ఇన్‌స్పెక్టర్‌ను పంపమని కోరారు. గురువారం పొద్దున వస్తామన్నారు. అదే ఆఖరి ఆశ. అక్కడ కూడా అంతా బాగానే ఉందని రాసేస్తే ఇక అడిగే చోటు లేదు, రెండు వారాల్లో కాన్పు. బుధవారం మధ్యాహ్నం అత్తయ్య బూరెలకు పప్పు నానబోసింది. "ఈసారి వచ్చేది పెద్ద ఆఫీసరట. పులిహోర కూడా కలుపుతాను" అంటోంది. నేను సోఫాలో ఎడమవైపు తిరిగి పడుకుని, తోచక మామయ్య పుస్తకం తిరగేస్తున్నాను. ఆయన రాత ముత్యాలు పేర్చినట్టుండేది. సోమవారం ఉదయం ఎనిమిది, యాభై తొమ్మిది, పొయ్యి మీద ఏమీ లేదు. పన్నెండు గంటలు, అరవై నాలుగు, ముద్దపప్పు, వంకాయ వేపుడు. మంగళవారం ఉదయం, యాభై ఎనిమిది, పొయ్యి మీద ఏమీ లేదు. సాయంత్రం నాలుగు, డెబ్భై ఒకటి, గారెలు, అల్లం చట్నీ, కాఫీ, ఫ్రాంకు వచ్చినాడు. ఉపవాసం నాడు రోజంతా యాభై ఎనిమిది దాటలేదు. ముందు నవ్వుకుంటూ చదివాను. తర్వాత లేచి కూర్చున్నాను. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

"మామయ్యా, బాయిలర్ కాదు."

"మరేమిటి?"

"గారెలు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం అందుకున్నారు. ఒక పేజీ చదివారు. రెండో పేజీ చదివారు. మెల్లిగా కుర్చీలో కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ సాక్ష్యాలు రాశాను. నా మీద నేనే ఇంత పకడ్బందీగా ఎప్పుడూ రాసుకోలేదమ్మాయ్!" అన్నారు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో పప్పు గిన్నె ఉంది. "అయితే నా గారెలే మన కొంప ముంచాయా?" అంది. "ముంచలేదత్తయ్యా, వెచ్చబెట్టాయి" అన్నాను. అప్పుడు ఆవిడా నవ్వింది గాని, నానిన పప్పు వంక మాత్రం బెంగగానే చూసింది.

ఆ సాయంత్రం మామయ్య ఆజ్ఞ జారీ చేశారు. రాత్రి భోజనాలయ్యాక, పొద్దున ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళేదాకా పొయ్యి వెలిగించకూడదు. మైక్రోవేవ్ కూడా వద్దు. మా ఆయనకో ఉపాయం తోచింది. "కిటికీలు కూడా తీసి పెడదామా నాన్నా? ఇంకో నాలుగు డిగ్రీలు పడుతుంది." మామయ్య ఆయన వంక చూసిన చూపుకు నిజంగానే నాలుగు డిగ్రీలు పడి ఉంటాయి. "దొంగ సాక్ష్యమా? నా ఇంట్లోనా? ఇల్లు ఎలా ఉంటే అలా చూపిస్తాం" అన్నారు. అత్తయ్య బాధ వేరే. "మనింటికి వచ్చిన మనిషికి గుక్కెడు కాఫీ అయినా ఇవ్వకుండా పంపుతామా? ఏమనుకుంటారండీ?" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "మంచినీళ్ళు ఇవ్వొచ్చు. చల్లవి" అన్నారు.

గురువారం పొద్దున కాఫీ లేని ఆ ఇంట్లో నలుగురం గుమ్మం వంకే చూస్తూ కూర్చున్నాం. ఇన్‌స్పెక్టర్ తొమ్మిదింటికి వచ్చింది. నెరిసిన జుట్టు, పెద్ద బూట్లు, నవ్వని మొహం. అత్తయ్య పట్టుచీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా కప్పుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది. ఆ చేతులు ఊరుకోవడం నేను చూడటం అదే మొదలు. ఒక వేలు ఇంకో వేలిని పట్టుకుని ఆపుతున్నట్టుంది. ఇన్‌స్పెక్టర్ హాలు మధ్యలో నిలబడి తన యంత్రం పట్టుకుంది. యాభై ఎనిమిది. లోపలి గదిలో యాభై ఆరు. ఆ గదిలో అప్పటికే మా ఆయన బిగించి పెట్టిన ఉయ్యాల మంచం ఉంది. ఆవిడ ఆ మంచాన్ని చూసింది, నా పొట్టను చూసింది, రాసుకుంది. మళ్ళీ హాల్లోకి వచ్చి, ఫ్రాంక్ రాసిన మూడు చీటీల మాటేమిటని అడిగింది. మా ఆయన తండ్రికి సైగ చేశారు, ఆ పేజీలు చూపించొద్దని. మామయ్య లేచి నిలబడి, కోర్టులో చదివినట్టే, ఒక్కో గడీ ఇంగ్లీషులోకి మారుస్తూ చదివి వినిపించారు. గారెలూ, బజ్జీలూ, బొబ్బట్లూ, ఒక్కటీ దాచలేదు. పొయ్యి మీద ఏమీ లేని రోజులూ దాచలేదు.

ఆవిడ పుస్తకం తీసుకుని, తనకు రాని అక్షరాల మీద వేలు జరుపుతూ అంకెలు చూసింది. "డెబ్భై రెండు అంటే ఆ తీపి రొట్టెలా?" అని అడిగింది. "అవును మేడమ్" అన్నారు మామయ్య. అప్పుడు నవ్విందావిడ, గది నిండేలా. "వంట చేస్తేనే వెచ్చబడే ఇంట్లో హీటింగ్ ఉన్నట్టు కాదు" అని, యజమానికి నోటీసు రాసి సంతకం పెట్టింది. అత్తయ్య నా వైపు వంగి, "రాసేసిందా? సంతకం కూడా అయిందా?" అని గుసగుసగా అడిగి, అయిందనగానే దిగ్గున లేచి స్టవ్ వెలిగించింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం తన ఉద్యోగంలో ఎవరింట్లోనూ ఏమీ తినకూడదని చెప్పి వెళ్ళిపోయింది. "ఇదేం పాడు ఉద్యోగమే తల్లీ!" అని అత్తయ్య ఆ రోజంతా ఆవిడ మీద జాలిపడింది.

సోమవారం ఫ్రాంక్ వచ్చాడు. మా వైపు నీళ్ళు వచ్చే దారిలో ఒక వాల్వు బిగుసుకుపోయి ఉందట. రెండు గంటల పని. అది తిప్పగానే మా ఇంటితోపాటు ఆ వరసలో ఉన్న నాలుగిళ్ళలోనూ గొట్టాలు టకటకమని చప్పుడు చేస్తూ వేడెక్కాయి. అప్పుడు బయటపడింది తమాషా. అయిదిళ్ళ వాళ్ళమూ ఒకే చలిలో ఉన్నాం, ఒక్కరమూ పక్కవాళ్ళకు చెప్పుకోలేదు. పక్కింటి హైదరాబాదు అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, "మా ఇల్లొక్కటే ఇట్ల ఉందనుకున్నం అక్కా. అడిగితే మంచిగుండదని ఊకున్నం. సలి పెట్టినప్పుడల్లా చాయ్ పెట్టుకునుడే" అంది. ఆ రోజు అత్తయ్య నాలుగిళ్ళకూ బూరెలు పంపింది. ఫ్రాంక్ సిగ్గుపడుతూ వంటింట్లో నిలబడే పదకొండు తిన్నాడు.

పది రోజుల తర్వాత మేఘనను ఇంటికి తెచ్చాం. బయట మంచు మోకాలెత్తు. లోపల, అత్తయ్య కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండి నలిచి నీళ్ళు పోస్తుంటే నేను మంచం మీంచి చూస్తూ పడుకున్నాను. ఒంటి మీద ఒక్క స్వెట్టరు కూడా లేదు. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానా అని ఆలోచిస్తే, లేదనే అనిపిస్తుంది. ఆ సాయంత్రం మామయ్య పుస్తకంలో ఆఖరి వరస రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసి మూసేశారు.

మోరిస్‌విల్‌లో నేను సోమవారం మూడున్నరకు దిగాను. మేఘన తలుపు తీయగానే కమ్మటి వెచ్చని వాసన గుప్పున కొట్టింది. "మమ్మీ! గుడ్ టైమింగ్. మెయింటెనెన్స్ ఆయన ఫోర్‌కి వస్తున్నాడు" అంది. నేను పెట్టె కూడా దించకుండా, "అవన్‌లో ఏముంది?" అని అడిగాను.

"బనానా బ్రెడ్. లాస్ట్ టైం ఆయనకి చాలా నచ్చింది."

"లాస్ట్ టైం కూడా చేశావా?"

"యా. ఇంటికి వచ్చిన వాళ్ళకి ఏదైనా పెట్టాలి కదా. నువ్వే చెప్తావు" అంది, నా తప్పేమిటన్నట్టు కళ్ళు పెద్దవి చేసి. ఆ కళ్ళు అత్తయ్యవే. నేను గుమ్మంలోనే పెట్టె మీద కూలబడి నవ్వాను. అది కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ నాలుగింటి అపాయింట్‌మెంట్‌ను మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మార్పించాను. అదెంతసేపు! ఫోన్ మీద రెండుసార్లు వేలు నొక్కింది, అయిపోయింది. ఉత్తరం లేదు, రసీదు లేదు, వినయపూర్వకంగా మనవి చేసుకోవడం అసలే లేదు. వీసా గురించీ పేరు పడటం గురించీ దానికి ఆలోచనే రాదు. ఇల్లు చల్లగా ఉంటే చల్లగా ఉందని చెప్పడానికి మాకు మామయ్య కావలసి వచ్చింది, దీనికి ఒక వేలు చాలు. నాకది గర్వంగానే ఉంది. కానీ ఆ యాప్‌లో తేదీ ఉంది, వేళ ఉంది, డిగ్రీలున్నాయి, విశేషముల గడి మాత్రం లేదు.

బనానా బ్రెడ్ మేమిద్దరమే తింటూ కూర్చున్నాం, ఒకే దుప్పటి కప్పుకుని. పుస్తకం దాని ఒళ్ళో పెట్టి కథంతా చెప్పాను. బొబ్బట్ల దగ్గరకు వచ్చేసరికి అది దుప్పటిలో మొహం దాచుకుని కిందామీదా పడి నవ్వింది. ఆఖరి పేజీ తనే చదువుతానంది. చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగు, కూడబలుక్కుంటూ చదివింది. "సాయంత్రం నాలుగు గంటలు. అరవై తొమ్మిది. పొయ్యి మీద ఏమీ లేదు. మనవరాలు... వచ్చి... నది." "అది నేనేనా మమ్మీ? తాతయ్య నా గురించి రాసాడా?" అంది. నువ్వేనన్నాను. నీ కోసమే ఆ పుస్తకమంతా అన్నాను. అది ఆ వరస మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

పొద్దున లేచేసరికి ఇల్లు బిగదీసుకుపోయి ఉంది. కాఫీ లేదు. మేఘన స్లీపింగ్ బ్యాగ్ భుజాల మీద కప్పుకుని, పుస్తకం బల్ల మీద పరిచి, తాతయ్య గీసిన రెండు గీతల కింద రాస్తోంది. మూసేసిన రిజిస్టరులో మళ్ళీ రాయడం మామయ్య ఒప్పుకునేవారు కాదు. నేను ఆపలేదు. గోడ మీది అంకె చూసి, పై వరసలోంచి ఒక్కో అక్షరమూ చూసుకుంటూ, వంకరటింకరగా దించింది: ఉదయం 8 గం. 59. పొయ్యి మీద ఏమీ లేదు. అది కలం పెట్టేసేలోగా తలుపు కొట్టిన చప్పుడైంది. ఇంత చలిలో వచ్చాడు పాపం అనుకుంటూ లేచాను, చెయ్యి దానంతటదే స్టవ్ మీదికి పోయింది. "మమ్మీ!" అని అరిచింది మేఘన. నేను వెనక్కి వచ్చి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, సోఫా అంచున కూర్చున్నాను, మా అత్తయ్య కూర్చున్నట్టే.